ముల్లు లేని బకిల్

మంగళవారం మధ్యాహ్నాలు
లైబ్రరీ వెనక గదిలో నా బల్ల.
లింకన్‌షైర్ మట్టి వెన్న డబ్బాల్లో నడిచొస్తుంది,
ఖాళీ మందు సీసాల్లో, పాత సాక్సుల్లో,
ఒకసారి చేపముక్కల పొట్లం కాగితంలో.
తూచడం, కొలవడం, పేరు పెట్టడం నా పని.
గుండీ. కొక్కెం. బెల్టు కొస. గుండీ. మళ్లీ గుండీ.
ఆరువందల ఏళ్ల కిందటి వాళ్లు
ఇన్ని గుండీలు తెంపుకునేంత
ఏం పనులు చేశారో!

బంగారం తెస్తారనుకుంటారు జనం.
రాజులు చేలల్లో వంగలేదు కదా.
వంగినవాళ్లవే ఊడిపడ్డాయి.

థర్ల్‌బీ ఇవాళ తెచ్చింది
బొటనవేలి గోరంత రాగి బకిల్.
ముప్పై ఏళ్లు చక్కెర ఫ్యాక్టరీలో
బీటుదుంపలు కడిగిన చేతులు ఆయనవి.
ఇప్పుడు అవే దుంపల చేలో
చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకుని
నేల ఏమంటుందో వింటూ తిరుగుతాడు.
"ఎక్కువగా కూల్‌డ్రింకు డబ్బా మూతలంటుంది" అంటాడు.
తవ్విన ప్రతి గుంటా పూడ్చి
గడ్డి చెక్కను మళ్లీ అక్కడే సర్ది
రెండుసార్లు కాలితో నొక్కి గాని కదలడు.

బకిల్‌కి ముల్లు లేదు.
ముల్లు లేని గడియారం, ముల్లు లేని త్రాసు,
ఇదీ అంతే:
ఎక్కడ ఆగాలో చెప్పదు.
ముల్లు ఆనిన చోట మాత్రం
పెదవి మీద సన్నని గాడి.
పొద్దున ఒకసారి, పడుకునే ముందు ఒకసారి,
ఎన్నేళ్లు ఆనితే లోహం ఇంత లొంగుతుంది?

వెనక రేకుకు మూడు చిల్లులు.
రెండు కంచరివి: గుండ్రంగా, ఎదురెదురుగా.
మూడోది ఇంట్లో వేసింది.
మేకుతోనో కత్తి మొనతోనో,
పక్కకు జారి, అంచు చిరిగి.
రేకు మడతలో తోలు పిసరు ఇంకా ఉంది.
చిలుము విషమే.
ఆ విషమే ఇన్నాళ్లూ దాన్ని
పురుగుకు దక్కనివ్వలేదు.

"బెల్టు కోసి పొట్టి చేశారేమో," అన్నాను,
"మళ్లీ బిగించారు."
"ఎందుకు?"
తండ్రిది కొడుక్కి వచ్చి ఉండొచ్చు.
తోలు చివికి ఉండొచ్చు.
వానలు ఆగని ఏడు
గోధుమ కంకి మీదే మొలకెత్తి కుళ్లిపోతే
ఊరంతా నడుములు సన్నబడి ఉండొచ్చు.
నా ఫారంలో 'ఉండొచ్చు'కు గడి లేదు.
రాశాను: రాగి మిశ్రమం. మూడు గ్రాముల చిల్లర.
ముల్లు లేదు. అసంపూర్ణం.

ఆయన చాలాసేపు ఆ మూడో చిల్లునే చూశాడు.
ఉన్నట్టుండి స్వెటర్ పైకెత్తాడు.
నేను మొహమాటపడి కిటికీ వైపు తిరిగాను.
"చూడమ్మా" అన్నాడు.
కంపెనీ వేసిన చిల్లులు ఐదు.
అవి దాటాక ఇంకో రెండు,
వంకరగా, అంచు చిరిగి.
"మేకే," అన్నాడు.
"మొదటిది ఆగస్టులో, మెరిల్ ఆసుపత్రిలో చేరినప్పుడు.
రెండోది తర్వాత."
తర్వాత అంటే ఏమిటో నేను అడగలేదు.
పెన్ను మూత తీసి, మళ్లీ పెట్టాను.

బకిల్‌ని అగ్గిపెట్టెలో దూది మీద పడుకోబెట్టి
ఆయన లేచాడు.
నడుం బిగించాడు.
పెద్ద మాటేం కాదు, అక్షరాలా అంతే:
తోలు లాగి,
ముల్లును ఆ చివరి చిల్లులో దింపాడు.
టక్.

నా త్రాసు ఇంకా సున్నాకి రాలేదు.
గుమ్మం దగ్గర ఎవరో
సాక్సు విదిలిస్తున్నారు.
మళ్లీ గుండీ.