ఎడమ చెయ్యి

అమీర్‌పేటలో నాలుగు నెలలు ఫీజు కట్టి నేర్చుకున్న భాష ఇది:
కుక్క కరిస్తే డబ్ల్యూ యాభై నాలుగు,
నిచ్చెన మీంచి పడితే డబ్ల్యూ పదకొండు.
ఒళ్లు హూనమై, మనసు ఇంకిపోయి
ఇక నావల్ల కాదనిపిస్తే
దానికీ ఉంది ఒక నంబరు.
జడ్ డెబ్బై మూడు, చుక్క, సున్నా.
ఆ చుక్క దగ్గర కాసేపు ఆగేదాన్ని
మొదట్లో.

రాయదుర్గంలో ఆరో అంతస్తు.
గుమ్మం ముందే లాకర్లు.
"ఫోను పెట్టు బిడ్డా" అంటాడు గద్వాల బక్కన్న,
నలభై ఆరో బిళ్ల నా అరచేతిలో పెట్టి.
కాగితం పోనియ్యరు లోపలికి, పెన్ను కూడా.
మొదటి నెలంతా
నా చెయ్యి దానంతటదే జేబులోకి వెళ్లి
ఖాళీని తడిమి వచ్చేది,
పాలు మాన్పించిన దూడ
పొదుగు వెతికినట్టు.

గంటకు పన్నెండు ఫైళ్లు.
ఎవరిదో కాలేయం, ఎవరిదో మోకాలు,
పేరుండాల్సిన చోట నల్లటి గీత.
రోజుకు తొంభై ఆరుగురు
నా కళ్ల ముందు నుంచి నడిచిపోతారు,
ఒక్కరూ వెనక్కి తిరిగి చూడరు.
"ఇయ్యాల ఏం చేసినవే?" అని అక్క అడిగితే
నోరు తెరుస్తాను, అంకెలు వస్తాయి.
అక్కది బోయిన్‌పల్లి మార్కెట్‌లో ఉల్లిగడ్డల కాంటా.
దాని రోజు దాని గోళ్ల కింద ఉంటుంది,
ఎర్రగా, ఘాటుగా.
నాది ఎక్కడ పడిపోయిందో
ఎంత వెతికినా దొరికేది కాదు.

అట్లాంటి ఒక గురువారం
ఒక ముసలాయన వచ్చాడు తెర మీదికి.
డెబ్బై ఒకటి. బల్బు మార్చబోయి
నిచ్చెన మీంచి పడ్డాడు.
ముంజేతి ఎముక విరిగింది.
డాక్టరు అన్నీ రాశాడు.
ఎన్నో మెట్టో రాశాడు, నేల తడిగా ఉందని రాశాడు,
భార్య పక్కగదిలో నిద్రపోతోందని కూడా రాశాడు.
ఏ చెయ్యో రాయలేదు.

"తొమ్మిది కొట్టెయ్, తెలియదన్నట్టు"
అంది పక్క కుర్చీ ప్రవల్లిక,
తెర మీంచి చూపు తీయకుండానే.
నిజమే. తెలియనిదానికి
మా పుస్తకంలో ఎప్పుడూ చోటుంటుంది.
వేలు తొమ్మిది మీద పెట్టాను.
ఎందుకో నొక్కుడు పడలేదు.

మళ్లీ మొదట్నుంచి చదివాను.
వాపు వల్ల గడియారం పట్టీ కోసి తీశారట.
గడియారం ఉందంటే ఎడమదే అయ్యుంటుంది.
అయ్యుంటుందని రాయకూడదు,
మాకు చెప్పిన మొదటి పాఠమే అది.
ఇంకోసారి చదివాను.
ఏసీ హోరు ఎప్పుడు ఆగిందో,
అసలు ఆగిందో లేదో.
ఆ కాసేపు నాకు ఆకలి లేదు, ఇంటద్దె లేదు,
లాకర్లో ఏముందో గుర్తే లేదు.
విరిగిన ఒక చెయ్యి,
దాని ముందు నేను.

ఏ వైపో చెప్పమని డాక్టరుకు ప్రశ్న పంపాను.
తస్నీమ్ మేడమ్ వెనక నిలబడింది.
"స్వరూపా, పదకొండు ఫైళ్లు తక్కువున్నయ్ నీవి."
"ఏ చెయ్యో తెలియాలి మేడమ్."
తెర వైపు చూసింది, నా వైపు చూసింది.
"లంచ్‌లో కవర్ చేస్కో" అని వెళ్లిపోయింది.
చేసుకున్నాను. టిఫిన్ డబ్బా అట్లాగే ఇంటికొచ్చింది.

సోమవారం జవాబు. ఒకటే మాట.
ఎడమ.
ఆరో గడిలో తొమ్మిది పడాల్సింది,
రెండు పడింది.
జరిగింది అంతే.
తర్వాతి ఫైలు కుక్కకాటు.
ఏ కాలో రాసి ఉంది, బతికిపోయాను.

"పొద్దంత గుయ్యిమంటయి ఈ పెట్టెలు,
తుమ్మెదలను పట్టి మూసినట్టు.
నీది ఇయ్యాల మస్తు మొత్తుకుంది" అన్నాడు బక్కన్న.
ఫోను సంచిలో వేసుకున్నాను.
మెట్రోలో రసూల్‌పురా దాటాక చూసుకున్నాను,
ఇంకా తీయలేదని,
పట్టీకి వేలాడుతున్నది ఎడమ చెయ్యని.

"ఇయ్యాల ఏం చేసినవే?"
"ఒకాయనది ఎడమ చెయ్యక్కా" అని
మొత్తం చెప్పాను.
నిచ్చెన, తడి నేల, నిద్రపోతున్న ముసలమ్మ.
అక్క వెల్లుల్లి ఒలవడం ఆపి విన్నది.
మంచిగైతదా అని అడుగుతుందనుకున్నాను.
"మరి ఆ బల్బు ఎవరు పెట్టిన్రు?" అంది.

రాయలేదక్కా.
అది మాత్రం ఎవరూ రాయలేదు.