తాడు పట్టేటోడు

నిన్న పొద్దుగూకినంక
ఈదక్క ఒక్కతే నడిచొచ్చింది.
చంకల పిల్ల, కొంగుల రెండు గడ్డలు,
కింది పెదవి వాచి ఉన్నది.
అవ్వ ఏం అడగలె,
పొయ్యిలకు ఇంకో మొద్దు జరిపింది.
నేనూ అడగలె.
దడికి చెక్కిన విల్లు తీసి, నారి ఒకసారి మీటి
మళ్ల దడికే చెక్కిన.

ఇంకా తెల్లారలె.
గుడిసె ముందట దగ్గు.
ఆ దగ్గు నాకెరుకే.
తోకల గురువయ్య, మా బావ.
భుజాన తాడుచుట్ట, చేతిల ఎండుపొరక కట్ట.
లోపటికి చూడలె, నా మొఖమూ చూడలె.
"గద్దబండకు పట్టు నిండింది"
నేలకు చెప్పినట్టు చెప్పిండు.

మా పెంటల ఇది తాతలనాటి కట్టుబాటు.
తేనెకు దిగేటోని తాడు
తోడబుట్టినోడు పట్టొద్దు.
తమ్ముని కన్ను వదిన మీద పడొచ్చు,
అన్న కన్ను తమ్ముని గొడ్డలి మీద పడొచ్చు,
కండ్ల సంగతి ఎవనికెరుక.
బామ్మర్దే పట్టాలె.
అక్క మెడల పూసలు తెగొద్దని
ఏళ్లు తెగినా వాడు తాడిడువడు.
తాత నవ్వుకుంట చెప్పిండు ఇది.
అక్క ఏడ్చుకుంట ఇంటికొచ్చిన తెల్లారి
ఎవడు పట్టాల్నో
తాత చెప్పలె. నేనూ అడగలె.

అయినా లేచిన.

దారిల గార్డు ఆపిండు, పేర్లు రాసుకున్నడు.
"ఇంకెన్నాళ్లు ఈ బతుకు?
పైసలు తీస్కొని కిందికి దిగిపోరాదు" అన్నడు.
బావ నవ్విండు.
కిందికి దిగుడే కద సారూ మా పని, అన్నడు.
నాకూ నవ్వొచ్చింది, మింగిన.

గద్దబండ అంచున నిలబడితే
ఎండకాలం కృష్ణ
ఎవలో ఇడిచిపెట్టిన కుబుసం లెక్క.
నల్లమద్ది మొదలుకు రెండు చుట్లు,
నా నడుముకొకటి.
పోయిన వానలల్ల ఇద్దరం కూసొని పేనిన తాడు,
నారేప నార.
అచ్చంపేటల నైలాను తాడు దొర్కుతది, గట్టిది కూడ.
కాని అది మూగది.
నారతాడు చెప్తది,
ఎంత బరువు, ఎంత భయం, ఇంకెన్ని మూరలు.

పొరక అంటుపెట్టి గారెల మైసమ్మకు మొక్కిండు.
నడుము పోయింది, తల పోయింది,
ఆఖరుకు అంచు పట్టిన ఏళ్లు పోయినయ్.
తాడొక్కటే మిగిలింది.

అబద్ధమాడితే అడివి ఇంటది, అందుకే చెప్తున్న.
ఒక్క ఊపిరి సేపు
నా చేతులు నా మాట ఇనలె.
నార జారింది.
జానెడు.
జానెడే.

కిందికెల్లి అరుపు రాలె.
అరిస్తే బాగుండు.
అక్కను కొట్టినోడు
బండకు చెంప ఆనిచ్చి ఊకున్నడు,
ఎందుకు జారిందో ఎరుకై ఊకున్నడు.
నా అరచేతులల్ల వాని గుండె
చిన్న పిట్ట లెక్క కొట్టుకున్నది.
పట్టిన.
తోలు లేసినా పట్టిన.

పైకొచ్చినంక చూస్తే
ఈగ కుట్టి కింది పెదవి వాచింది.
నేను నవ్వలె.
మొదటి ముక్క మోదుగాకుల పెట్టి మైసమ్మకు.
రెండోది నా దిక్కు చాపిండు, "పిల్లకు" అన్నడు.
"నీ చేతితోనే ఇయ్యి,
తీసుకుంటదో, మొఖాన కొడుతదో, దాని ఇష్టం."
మిగిలింది మన్ననూరు డిపోల కాంటాకెక్కుతది.
జానెడు జారుడును తూచే రాయి
ఆ డిపోల లేదు.

రాత్రి ఈదక్క
నా అరచేతులకు పసుపు పూసుకుంట అడిగింది.
ఎన్ని మూరలు దిగిండు?
పదహారు.
జారిందా?
జానెడు.
ఆమె ఏళ్లు ఆగినయ్.
చాలు అన్నదో
చాలదు అన్నదో
పిల్ల ఏడుపుల సరిగ్గ ఇనపడలె.
బయట, దడి అవుతల,
ఎవలో దగ్గుతున్నరు.