మత్తడి దుంకితే

నక్కలగుట్ట హాస్టలు డాబా మీద
మొదటి రాత్రే అడిగింది నూకరత్నం:
"మీ ఊర్లో సంద్రం ఎటేపే?"
చేతిల తడిబట్ట పట్టుకొని అట్లనే నిలబడ్డ.
తూర్పు తెలుసు. కాజీపేట రైలు కూత ఎటో తెలుసు.
సముద్రం ఎటో
ఇన్నేండ్లల్ల నన్ను ఎవ్వలూ అడగలే.

"అటేపు తల పెడితేనే గాని
నిద్ర పట్టదే నాకు."
భీమిలిల మూడేండ్ల పోరి సుత చెప్తదట,
గాలి ముక్కుకు తగిలితే చాలు.
ఇక్కడి గాలి, మార్చి నెల గాలి,
ఎనుమాముల యార్డు నుంచి మిర్చి ఘాటు మోసుకొచ్చి
ఇద్దరినీ తుమ్మించి పోయింది.

దవాఖాన ల్యాబుల మూడు నెలల ట్రెయినింగు.
పొద్దంతా సూదులు, సీసాలు, చీటీలు.
పొద్దూకినంక ఆమె పోలికలు.
"మా ఎండకి సివర నీలం ఉంటాది.
మీ ఎండకి సివరే లేదు.
మా ఒడ్డుకి ఎక్కడెక్కడోళ్ళో వత్తారే,
డబ్బులెట్టుకుని మరీ, ఎండ కోసం!"
ఎండకు పైసలా?
మా దగ్గర ఎవలన్న ఎండ ఎత్తుకపోతమంటే
ఎదురు కట్నం పెట్టి సాగదోలుతరు.

ఓ ఐతారం పాకాల తోల్కపోయిన.
నర్సంపేట దాక ఎర్రబస్సు, ఆడికెళ్ళి ఆటో.
డ్రైవరు పక్కన మేకపిల్ల,
మా ఒళ్ళె దాని ఆసామి గంప.
ఊర్లు పలచబడ్డయి.
ఆకు రాల్చిన టేకు చెట్లు మొదలైనయి,
ఇగ అవే, అవే.
నడుమ నడుమ మోదుగలు
పెండ్లి ఆగిపోయిన సంగతి ఎవ్వలూ చెప్పనట్టు
ఎర్రగ తయారై నిలబడ్డయి.
నూకరత్నానికి మాట పడిపోయింది.
చాలాసేపటికి, మెల్లగ,
"ఈ అడవికి ఒడ్డెక్కడే?" అన్నది.

కట్ట ఎక్కినం.
కల్లంల వడ్లు నేర్పినట్టు
నీళ్ళ మీద ఎండ.
చెప్పులిడిసి దిగింది. దోసిలి పట్టింది.
నాలుకకు తగిలించుకొని
జ్వరమొచ్చినోళ్ళ చారు తాగినట్టు మొకం పెట్టింది.
"ఉప్పు లేదే!"

"ఓ బిడ్డా, పైకి రాండ్రి!"
వాచరు కొమురెల్లి, చేతిల కర్ర, నెత్తిన తువ్వాల.
"మొసళ్ళున్నయి. దుంగ అనుకుంటరు.
కదలకుంట పడుంటది. అది దుంగ గాదు."

"మా సంద్రం అలగ దొంగాట ఆడదు తాతా,
ఎదరకొచ్చి సెప్పి మరీ తీస్కెల్తాది."
గొంతుల గర్వమో, ఇంకేందో.
నేను అడగలే. ఆమె చెప్పలే.
కొమురెల్లి తువ్వాల కొసకు కట్టుకున్న ఇప్పపువ్వు
తలా పిడికెడు పెట్టిండు.
నములుకుంట నములుకుంట ఆయన్నీ అడిగింది:
"తాతా, ఇక్కడినించి సంద్రం ఎటేపు?"

ఆగలేదాయన. ఆలోచన చెయ్యలేదు.
కర్ర ఎత్తి మత్తడి దిక్కు చూపెట్టిండు.
"గిట్ల దుంకితె మున్నేరు. మున్నేరు పోయి కిష్ణల.
కిష్ణ ఏడికి పోతదో సదువుకున్నోళ్ళు, మీకే ఎరుక."

"అయితే మా భీమిలికి ఎన్నాళ్ళు పడతాది?"

"వాన గొట్టాలె గదా బిడ్డా.
లెక్క మత్తడి దుంకినకాడికెళ్ళి."

ఆ రాత్రి డాబా మీద
చాప తిప్పి పరుచుకున్నది, పాకాల దిక్కు తల.
పండిన నిమిషానికే గుర్రు.
ఎందుకో నేనూ నా చాప తిప్పుకున్న.
నాకే నిద్ర రాలే.

ఆగస్టుల మత్తడి దుంకింది. పేపర్ల ఫొటో ఏసిండ్రు.
ఫోను చేసిన: "బయలెల్లినయి!"
"అలగా? సూత్తానుండు," అన్నది, నవ్వకుంట.

అప్పటి సంది వారం వారం అడుగుతనే ఉన్న.
"వచ్చినయా?"
"ఇంకా లేదే.
నిన్న మాత్రం ఒడ్డుకి దుంగొకటి కొట్టుకొచ్చింది.
మీదో, ఎవుల్దో."
"కదులుతున్నదా?"
"లేదు. అలగే పడుంది."
"అయితే మాదే.
దగ్గరికి పోకు."