మర్లేసి చూడు

ఎర్ర మూత గొట్టం, ఐదు మిల్లీలీటర్లు.
కర్నాటి అండాలు, యాభై మూడేళ్లు, పుట్టపాక.
ఎడమ చేతికి సూది వద్దు, ఆ వైపే రొమ్ము తీసేశారు
అని ఫారం మీద ఎర్ర సిరాతో రాసుకున్నది నేనే.
నేను చదివేలోపే ఆమె కుడి చేయి చాపింది.
గోళ్ల సందుల్లో ఇంకిపోయిన నలుపు,
నల్లగొండ ఆస్పత్రి సబ్బుకు లొంగని ఎరుపు.

"గీ నెత్తురుల ఏం దేవులాడ్తరు బిడ్డా?"

చెప్పడం నా పని కాదు.
గొట్టానికి నంబరు అతికించాలి,
ఐసు డబ్బాలో సర్ది
పదకొండున్నర హైదరాబాద్ బస్సుకు అందించాలి.
ఇరవై రెండు మంది అయ్యారు. ఈమె ఇరవై మూడు.
కరెంటు పోయిన గదిలో
అడిగిన మనిషికి జవాబు బాకీ పడ్డట్టే ఉంటుంది.

ఈస్ట్రోజెన్ అని ఒక హార్మోను అమ్మా,
మీ గడ్డ దాన్ని తాగి పెరిగే రకం.
బయటి రోగాన్ని పట్టాల్సిన కాపలావాళ్లు
కొందరి ఒంట్లో దారి తప్పి
సొంత హార్మోనునే పట్టుకుంటారట.
అట్లా పట్టుబడ్డది లెక్కలో ఉంటుంది,
పనికి మాత్రం పోదు.
ఒక్కోసారి మాత్రం
పట్టుకున్నవాడి చంకలో దాక్కుని
ఎక్కువ రోజులు బతుకుతుంది.
ఎవరిలో ఏది, అది తేల్చడానికే ఈ గొట్టాలు.

"గిదేనా!" నవ్వింది.
"ఆముదపు కాయల బూడిద నీళ్లల, నూనెల
దినాలకు దినాలు నూలును పిసుకుతం.
సైకిల్ ట్యూబు పేలికలు చేసి, బిగిచ్చి కడ్తం.
కట్టిన కాడ రంగెక్కదు.
నూలు లేదా? ఉన్నది.
ఎరుపే లేదు."

కొంచెం ఆగి,
"మరి రంగేసినంక మేమే ఇప్పుతం.
లోపల కట్టినోళ్లది ఎవరు ఇప్పుతరు?"

నేను దూది కోసం వెతికాను.

అక్కడితో ఊరుకోవాల్సింది.
ఇంకోటి కూడా చెప్పాను,
ఆ కాపలావాడిని చూసి మరో కాపలావాడు పుడతాడని,
వాడి మొహం అచ్చం హార్మోను మొహంలా ఉంటుందని,
గడ్డ తలుపు తడితే
అసలుదే వచ్చిందనుకుని తీస్తుందేమోనని
కొందరు పెద్ద డాక్టర్ల అనుమానమని.

"ప్రింటు గుడ్డ" అంది వెంటనే.
"చౌటుప్పల్ల మా రుమాలు తీరుగ అచ్చేసి అమ్మిన్రు.
ముంగట చూసి నేనే మోసపోయిన.
ముప్పై ఏండ్లు చిటికీ కట్టిన నేను!
మర్లేస్తె తెలిసె. ఎనక పాలిపోయి ఉన్నది.
మాది రెండు దిక్కుల ఒక్కతీరే ఉంటది.
మీ మిషను మర్లేసి చూస్తదా?"

చూడదు.
పోయిన వానాకాలం దామరచర్ల నుంచి ఒకామె వచ్చింది,
ముట్లు ఆగి ఆరేళ్లు.
మిషను ఇరవై ఏళ్ల పిల్ల అంకె ఇచ్చింది.
మూడుసార్లు తీశాను.
నమూనా చెడగొట్టావని తిట్లు తిన్నాను.
ఆఖరుకు తేలింది,
ఆమె యాంటీబాడీలే పరీక్షను ఏమార్చాయని.
అప్పటికే ఆమెకు మందు మార్చేశారు.

అండాలుకు అదేమీ చెప్పలేదు.
రబ్బరు పట్టీ మోచేతి పైన కట్టాను.
"వదులున్నది. గిట్ల కడ్తె నా కాడ రంగు దిగుతది"
అని ఎడమ చేత్తో కొస పట్టి లాగింది.
నరం లేచింది.
నెత్తురు పడుతుంటే చూడ్డానికి మొహం తిప్పుకోలేదు,
రంగు పోల్చుతున్నదానిలా గొట్టం వైపే వంగింది.
సగం నిండగానే, నా చేయి పోకముందే,
ఒక్క వేలితో పట్టీ తనే ఇప్పుకుంది.

బస్సు ఈపాటికి చిట్యాల దాటి ఉంటుంది.
ఐసు కరగకుంటే చాలు.

ఆమె పోయాక ఫారాన్ని మర్లేశాను.
ఎర్ర సిరా అవతలికి దిగి ఉంది.
అక్షరాలు తిరగబడి,
ఏ చేయి వద్దన్నానో తెలియకుండా,
లేతగా.