తడి ఆరకముందే

ఆగస్టులో ఒక ఉదయం
పీతల ఫ్యాక్టరీ గేటు దగ్గర యంత్రం
నా బొటనవేలిని గుర్తుపట్టలేదు.
మళ్ళీ పెట్టమంది. పెట్టాను.
చూపుడువేలు, ఉంగరపువేలు,
ఆఖరికి ఎడమచేతి చిటికెనవేలు కూడా.
ఎర్రదీపం.
నెవెంకా అనే మనిషి లేదు పొమ్మంది.

పదిహేడేళ్ళు మంచు కలిసిన ఉప్పునీళ్ళలో
పీతకాళ్ళు విరిచిన వేళ్ళివి.
గీతలుండాల్సిన చోట నెర్రెలు,
నెర్రెల అంచున తెల్లటి పొట్టు.
డోన్ ఎర్నాన్ పాత రిజిస్టరు దుమ్ము దులిపి
సంతకం పెట్టించుకున్నాడు.
ఎన్నాళ్ళిలా అని మాత్రం అడిగాడు,
నేనేదో వేళ్ళు ఇంట్లో మర్చిపోయి వచ్చినట్టు.

ఆసుపత్రిలో నర్సు మారిబెల్
నా చేతుల్ని తిప్పి తిప్పి చూసింది,
ఉన్ని బేరగాళ్ళు బొచ్చు చూసినట్టు.
సబ్బేం వాడతావంది.
బట్టలదే అన్నాను.
స్నానం ఎంతసేపంది.
కిటికీ అద్దంలో జలసంధి కనపడకుండా పోయేదాకా అన్నాను.
నవ్వలేదు. కాగితం తీసింది.

గోరువెచ్చని నీళ్ళు, అయిదు నిమిషాలు.
ఈ ఊళ్ళో, ఈ గాలిలో!
ఆమె ఎప్పుడైనా ఆ గాలికెదురు నడిచిందా?
వాసనలేని సబ్బు, అదీ చంకలకీ పాదాలకే.
తువ్వాలుతో అద్దు, రుద్దకు.
తడి ఆరకముందే క్రీము.
మూడు నిమిషాలే గడువు, తర్వాత
ఎంత రాసినా బీడుమీద చినుకే.

మొదటివారం గడియారం గోడకు కాదు,
నా వీపుకే వేలాడింది.
ఒంటికాలిమీద నిలబడి మోకాళ్ళకు పూస్తూ
సబ్బుపెట్టె తన్నేశాను.
పిల్లి నా మడమ నాకి, ముఖం చిట్లించి వెళ్ళిపోయింది.

మా అన్న మిర్కోకి ఈ బాధల్లేవు.
గొర్రెల బొచ్చు కత్తిరిస్తాడు.
డిసెంబరు వచ్చిందంటే వాడి అరచేతులు వెన్న.
ఉన్నిలోని జిడ్డే వాడి క్రీము,
పైగా దానికి కూలి కూడా ఇస్తారు.
నాకు పీత ఏమిచ్చింది?
ముళ్ళు.

రాత్రిళ్ళు వాజలీను.
ఒక్కో వేలికి శనగగింజంత, గోళ్ళ మొదళ్ళకు ఇంకాస్త,
పైన నూలు చేతితొడుగులు.
ఒతీలియా చూసి, పెళ్ళికూతురివా
దొంగవా అని అడిగింది.
మర్నాడు చాటుగా వచ్చి
తొడుగులెక్కడ దొరుకుతాయంది.
దాని మోచేతులు నేనప్పుడే చూశాను,
ఎండుచేప పొలుసులు.
ఇరవయ్యేళ్ళు పక్కపక్కన నిలబడి
ఒకరి చేతులొకరం చూసుకోలేదు.

పొద్దున్నే ముఖానికి ఎండ క్రీము.
మబ్బున్నా సరే, మా నెత్తిన ఆకాశానికి చిల్లుందంది మారిబెల్.
పొయ్యిమీద నీళ్ళగిన్నె మూతలేకుండా,
గది నాలుకకు తడి తగలాలట.
నీళ్ళలో చెయ్యి పెట్టేముందు రబ్బరు తొడుగు,
రబ్బరు కింద నూలు,
నూలు తడిస్తే మార్చు,
మార్చిన ప్రతిసారీ క్రీము.
నాలుగు జతలు నా జేబుల్లో ఎప్పుడూ,
తడి పిట్టల్లా.

మధ్యలో మానేశాను కూడా.
రెండు రోజులు, జ్వరంవల్ల కాదు, విసుగువల్ల.
ఎవరికోసం ఇదంతా, ఒక యంత్రం కోసమా
అని వాజలీను డబ్బా అలమార పైన పెట్టాను.
మూడోరోజు కూతురి జడ అల్లుతుంటే
వెంట్రుక వేలి పగులులో చిక్కుకుంది.
అబ్బా అన్నది నేను కాదు, అది.
స్టూలెక్కి డబ్బా దింపాను.

అక్టోబరులో నొప్పి ముందు పోయింది.
తర్వాత మంట.
ఒక ఆదివారం రొట్టెపిండి పిసుకుతుంటే
పిండిమీద గుండ్రంగా సన్నగీతలు పడ్డాయి,
నా బొటనవేలివి.
పిండిని అలాగే వదిలేసి చూస్తూ కూర్చున్నాను,
అది పొంగి గీతలు చెరిగేదాకా.

యంత్రం మాత్రం లొంగలేదు, వారం పాటు.
ఆ గురువారం పని ముగించి,
నడుం పట్టేసి, బూట్లలో నీళ్ళతో,
అలవాటుగా వేలు ఆనించాను.
పచ్చదీపం. కుయ్‌మని చిన్న కూత.
అద్దంమీద నా పేరు, ఇంటిపేరుతో సహా,
దానికింద సమయం, సాయంత్రం ఆరూ పది,
నెవెంకా ఇప్పుడే పనికి వచ్చింది.

ఒతీలియా పడీ పడీ నవ్వింది.
నేను బయటికి నడిచాను.
గాలి చెంపమీద కొట్టింది.
జేబులో క్రీము తడుముకున్నాను.