పలక వెనకాల

వేర్పెలెలో దివాణం ఎక్కడని అడిగితే
ముందు నా వంటగది చూపిస్తాను.
పొయ్యి గోడకు ఒకే ఒక్క నీలం పలక,
దాని మీద తెరచాప విప్పుకున్న ఓడ.
మా ఊరికి సముద్రం రెండు రోజుల నడక.

మిగతా దివాణం కూడా ఇక్కడిక్కడే ఉంది.
నాట్యశాల తలుపు ఓజొలిన్స్ వాళ్ళ గొడ్ల సావిట్లో,
ఇత్తడి పిడి మీది సింహం మూతి
ఆవులు రాసుకుని రాసుకుని నున్నబడిపోయింది.
పియానో మూత మీద ముసలి జెల్మా
నలభై ఏళ్ళు చేపలు తోమింది.

ఒకప్పుడు మాకు ఇంటిపేర్లు లేవు.
దాస్యం రద్దయిందని చర్చిలో చదివిన కొన్నేళ్ళకి
దివాణం గుమస్తా బల్ల వేసుక్కూర్చుని
వరసలో నిలబడ్డవాళ్ళకి పేర్లు పంచాడట.
కిటికీలోంచి కనబడిందల్లా పేరే,
ఓక్ చెట్టు, కాకి, కంచె, నక్క.
మావాళ్ళ వంతొచ్చేసరికి మధ్యాహ్నం దాటింది.
ఆకలేసినట్టుంది,
మమ్మల్ని పుట్రాయిమ్స్ అని రాసుకున్నాడు.
అంటే నూక.
పేరొచ్చింది. నేల రాలేదు.

తొమ్మిది వందల అయిదు చలికాలం
దివాణం అంటుకున్న రాత్రి నాయనమ్మకు ఏడేళ్ళు.
"మంచు మీద వెలుతురు చూసి
కోడిపుంజులు తెల్లారిందనుకున్నాయే" అనేది.
వేడి తగ్గని పలకను గౌనులో చుట్టుకుని
పరిగెత్తుకొచ్చింది. గౌనుకు చిల్లు,
తొడ మీద మచ్చ, చచ్చేదాకా.
తర్వాత సైనికులొచ్చి లెక్క సరిచూసుకున్నారు.
లిండెన్ చెట్ల బాటలో మూడు చెట్ల కింద
ఎంత వానాకాలమైనా
పుట్టగొడుగులు ఎవరూ ఏరరు.

సగం కాలిన ఇల్లు ఎన్ని వేషాలు వేసిందో!
బడి, ఆసుపత్రి, రై ధాన్యం కొట్టు,
ట్రాక్టర్ల చక్రాలు దొర్లే షెడ్డు.
నలభై తొమ్మిది మార్చిలో
అమ్మని రైలు డబ్బాలో ఎక్కించారు.
నేను అక్కడే పుట్టాను, ఓబ్ నది ఒడ్డున,
పొయ్యిలో పిల్లి లేవని రోజుల్లో.
నూకలింకా చెల్లలేదే మనకి, అనేది అమ్మ,
ఇంటిపేరు తలుచుకుని నవ్వుతూ.
తిరిగొచ్చేసరికి ఇంట్లో వేరేవాళ్ళు.
ఓడ మాత్రం లంగరేసిన చోటే.

పోయిన వేసవిలో ల్యూబెక్ నుంచి
చేతికర్రతో ఒకాయన వచ్చాడు, ఎకార్ట్,
దొరల మునిమనవడు.
ముప్ఫై తొమ్మిదిలో అమ్మ ఒళ్ళో ఓడెక్కిన పసివాడు.
శిథిలం దగ్గర ఫొటో తీసుకోలేదు.
దాహమేస్తోందని మా ఇంట్లోకొచ్చి
నీళ్ళ గ్లాసు పట్టుకుని అలా నిలబడిపోయాడు.
"నలభై రెండు ఓడలుండేవట. ఒక్కదానికే
జెండా గాలికి ఎదురు ఎగిరేదని మా అమ్మ..."
వేలు జెండా దాకా వెళ్ళి ఆగింది.

కావాలంటాడేమో అనుకున్నాను.
ఇవ్వనని చెప్పడానికి మాట కూడా వెతుక్కున్నాను.
ఆయనేం అడగలేదు.
పలక ఎప్పుడో వదులైంది. ఊడదీసి తిప్పి చూపించాను.
వెనకాల పచ్చిమట్టి రంగు, మధ్యలో
తడి ఆరకముందు నొక్కిన బొటనవేలి గుంట.
పేరు లేని రోజుల సంతకం.
నేను వేలు పెట్టి చూశాను. పట్టలేదు.
ఆయన పెట్టాడు. ఆయనదీ పట్టలేదు.
గుంట చాలా చిన్నది.
ఏ ఎనిమిదేళ్ళ పిల్లాడిదో.

ఇద్దరం ఏమీ అనుకోలేదు.
అంతలో సందులోంచి పొగ లోపలికి కొట్టింది.
ఓడను దాని రేవులోకి మళ్ళీ నొక్కి
కళ్ళు తుడుచుకున్నాను. పొగకే.
బంగాళదుంపలు ఇంకా ఉడకలేదు,
ఆగుతానన్నాడు.