ఆవు నాలుక

ఆ ఏడు నాకు దారాలన్నీ ఒకటే రంగు.
బర్కత్‌పురల, మెట్ల కింద మూరెడు జాగాల
చీరలకు ఫాల్ కుట్టేదాన్ని.
ఎదురుంగ గోడకు నాలుగు వందల రీళ్లు.
చిలకపచ్చ, పెసరపచ్చ, ముదురుపచ్చ,
అన్నీ తడిసిన అట్టముక్క లెక్కనే.
గిరాకి చీర చేతికిస్తే
పట్టుకొని అట్లనే కూసునేదాన్ని.

వీరేశం మంచోడే.
"డాక్టర్‌కు చూపిద్దామా" అన్నడు ఒక రాత్రి.
"ఎర్రగడ్డకా?" అన్నది అత్త, పప్పుల రాళ్లు ఏరుకుంట.
ఈ ఊర్లె ఎర్రగడ్డ బస్తీ పేరు గాదు, తిట్టు.
ఆ ముచ్చట ఆడికే ఆగిపోయింది.
ఇంట్ల గిన్నెల చప్పుడు మాత్రం పెరిగింది.

దుపట్టాకు పీకో కోసం వచ్చిన జకియా ఆపా
నా మొఖం చూడలె, నా చెయ్యి చూసింది.
"సూదిల దారం లేదు బేటీ,
ఎంతసేపటి సంది కుడుతున్నవ్?"

తెల్లారి ఆటోల మీరాలం మండి.
హకీం సాబ్ మూడు వేళ్లు నాడి మీద పెట్టి
కళ్లు మూసుకున్నడు.
గోడ మీద గడియారం ఆగిపోయి ఉంది.
దానొక్కదానికే ఆ కొట్ల మందు లేనట్టుంది.
"నల్లపైత్యం పేరుకుంది" అన్నడు.
నల్లది.
పోనీ, ఒక రంగన్న దొరికింది.

పాత ఉర్దూ పేపర్ల పొట్లం కట్టిచ్చిన ఆకు
గావ్‌జబాన్.
"అంటే ఆవు నాలుక" అన్నది ఆపా తొవ్వల.
ముట్టుకుంటే నిజంగనే గర్‌గర్ అన్నది.
మాట పోయినదానికి
నాలుక రాసిచ్చిండు ముసలాయన.

రాత్రి నానబెట్టాలె. పొద్దుగాల సగమయ్యేదాక మరిగించాలె.
పటికబెల్లం వేసి తాగాలె.
మొదటి రోజు ఏం లేదు.
తొమ్మిదో రోజు ఏం లేదు,
గొంతుల జిగట తప్ప.
పన్నెండో రోజు లెవ్వనే లేదు నేను.
పండుకున్న కాడికే వాసన వచ్చింది,
వానకు నానిన గడ్డివాము వాసన.
పొయ్యి కాడ అత్త కొంగుతో వడగడుతున్నది,
నా దిక్కు చూడకుండనే.
"పైసలు పెట్టి తెచ్చిన్రు, పారబోస్తమా?"

ఎన్నో రోజో యాదికి లేదు.
ఒకామె వంకాయ రంగు చీర తెచ్చి
తనే చెయ్యి చాపి రీలు తీసింది.
"అది వంకాయ గాదమ్మా, నేరేడు!"
గట్టిగనే అరిసిన.
ఆమె జడుసుకున్నది.
నేను ఇంకా జడుసుకున్న.
ఆమె పోయినంక రెండు రీళ్లు బయటికి తెచ్చి
ఎండల పక్కపక్కన పెట్టి
చాయ్ చల్లారేదాక చూసిన.
వంకాయ. నేరేడు.
ఎట్ల ఒకటనుకున్న ఇన్ని రోజులు?

ఆ కోపం పట్టుకొనే డాక్టరమ్మ దగ్గరికి పోయిన.
ఎర్రగడ్డకే పోయిన, బస్సుల, కిటికీ పక్కన కూసొని.
గోలీలు రాసే ముందు అడిగింది,
"ఇంకేమన్న వాడుతున్నవా?"
దాచుదామనుకున్న.
నోరు ఊకోలె. "ఆవు నాలుక" అన్న.
ఆమె నవ్వలె.
పేరు మళ్లొకసారి చెప్పించుకొని కాయితం మీద రాసుకున్నది.
"రెండూ ఒక్కసారి వద్దు. ముందు అది ఆపు,
మళ్లా మొదలుపెడితే నాకు చెప్పు" అన్నది.

ఏది పనిచేసిందని ఆపా అడుగుతది.
ఆకంట నేను, ఆమె ఖుషీ కోసం.
గోలీ అంటడు వీరేశం.
అత్త ఏమనదు. ఆ కొంగు మీద మరక
ఎన్ని ఉతుకులకూ పోలె.
నాకు తెల్వదు.
మిగిలిన ఆకు డబ్బాల ఉంది, పారెయ్యబుద్ధి గాదు.

ముసురు పట్టిన రోజు
గోడ మీద రీళ్లన్నీ మళ్లా ఒక్క తీరైతయి.
అప్పుడు దేన్నీ ముట్టను.
ముందుగాల
సూది పైకెత్తి
వెలుతురుకు పెట్టి చూసుకుంట.